మైకుకీ గొంతుకీ మధ్య జానెడు

"గుంటా, మీ మాస్టారు మనల్ని ఒగ్గీసి ఎల్లిపోయారే. బేగి రా. నీ రికార్డరు కూడా అట్టుకురా."

అనంతగిరి నుంచి మాస్టారి భార్య, మా అమ్మగారి ఫోను. నాకు రికార్డింగు నేర్పిన మాస్టారు ఇక లేరు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి పార్వతీపురం ఆసుపత్రిలో నిన్ననే కాన్పయింది, కదల్లేదు. కొండ మీది సమాధుల దగ్గర ఫోను సిగ్నలుండదు. తండ్రిని సాగనంపడం ఆ పిల్ల వినాలంటే నా రికార్డింగే దిక్కు.

దారంతా మనసు కుదురుగా లేదు. మైకు ఎక్కడ పెట్టాలి? అడుగుదామంటే ఆ మనిషే లేరాయె.

ఆయన రేడియోలో చేసి రిటైరయ్యాక మా కొండల్లో ఇల్లు కట్టుకున్నారు. టీ గ్లాసు చప్పుడవకుండా రుమాలు పరిచి పెట్టేవారు. కోడి కూసినా కోపమే. "గొంతుకి జానెడు దూరంలో పెట్టు మైకు. మిగతాదంతా సెత్త," అనేవారు. ఆయన చేరదీయకపోతే నేనింకా కాఫీ పళ్ళు కోసుకుంటూ ఉండేదాన్ని.

అయినా పోట్లాడాను. మా ఊళ్ళో థింసా ఆడేటప్పటి పాట రికార్డు చెయ్యాలని మాస్టారు ఆడవాళ్ళని మైకు ముందు వరసగా నిలబెట్టారు. నడుముల వెనక చేతులు పెనవేసుకుని తిరిగితేనే గానీ మావాళ్ళకి పాట రాదు. కాళ్ళు ఆగేసరికి మాటలు మరిచిపోయి ఒకటే నవ్వులు. నేను మైకు తీసి నడిమధ్య నేల మీద పెట్టి, తిరగమన్నాను.

"ఏటి సేత్తన్నావు? గొంతులు వత్తన్నాయి, పోతన్నాయి! ఆ అడుగుల సప్పుడేటి?"

"అదీ పాటే మాస్టారూ!"

"అయితే నాకాడికెందుకొచ్చావు? నీ సెవులే నీకు గురువులు, పో!"

తిట్టారో, మెచ్చుకున్నారో! అడిగుంటే బాగుణ్ణు. ఇప్పుడా మాట నన్ను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

సమాధి దగ్గర చర్చివాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. ఆయన నేర్పినట్టే మైకు దగ్గరగా పెట్టాను. హెడ్‌ఫోన్లలో గొంతులు కడిగినట్టున్నాయి. కానీ వింటుంటే అక్కడ ఓ మనిషి చచ్చిపోయినట్టే లేదు! నావల్ల కాలేదు. పాట సగంలో స్టాండు లాక్కుని గోతి అంచుకి, అమ్మగారి పక్కకి పోయాను. అందరూ పిడికెడు పిడికెడు మట్టి వేస్తున్నారు. పెట్టె మీద ఆ చప్పుడు, దాని మీద అమ్మగారి ఏడుపు. చప్పుడు మరీ ఎక్కువై రికార్డరు మీద ఎర్ర లైటు వెలిగింది. నా వేలు దానంతటదే లెవెలు కాస్త తగ్గించింది. ఆ వేలికి నేర్పింది ఆయనే కదా.

అక్కణ్ణుంచి తిన్నగా పార్వతీపురం బస్సెక్కాను. కూతురు మంచమ్మీద బిడ్డని ఒళ్ళో పెట్టుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పాట వింటూ బిడ్డ దుప్పటి సర్దుకుంది.

"అక్కా, ఇది మట్టేనా?" అంది ఉన్నట్టుండి.

తలూపాను.

కళ్ళు మూసుకుంది. మంచం పక్కకి చెయ్యి చాపి, పిడికిలి బిగించి, మెల్లగా వేళ్ళు వదిలింది.