స్టాండర్డ్‌లో వచ్చిన ‘ఏ’

మా నాన్న గోదావరి జిల్లాలో ఒక చక్కెర మిల్లులో ఇంజనీరు. దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ కలిసి ఓటు వేసిన ఎన్నికల తర్వాత కొన్నాళ్లకు ఆయనకు అక్కడి డర్బన్ దగ్గర టోంగాట్‌లో ఉద్యోగం దొరికింది. నేనప్పుడే పదో తరగతి పాసయ్యాను. వందకు అరవై ఎనిమిది వచ్చాయి. ఫస్ట్ క్లాసు! అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. ఆ మార్కుల కాగితాన్ని పట్టుచీరల మడతల్లో దాచి సముద్రాలు దాటించింది.

టోంగాట్‌లో నన్ను చేర్చిన బడి అంతకుముందు ఇండియన్ పిల్లలకే. ఆ ఏడే అక్కడి నల్లజాతివాళ్లైన జూలూల పిల్లలు కూడా రావడం మొదలైంది. ప్రిన్సిపాల్ నా కాగితం చూసి, “అరవై ఎనిమిదంటే ఇక్కడ సీ” అన్నాడు.

ఆయన సరిగ్గా చూడలేదేమోనని నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. “ఫస్ట్ క్లాస్ సర్.”

“ఎనభై దాటితే ఏ. డెబ్భైల్లో బీ. అరవైల్లో సీ” అన్నాడాయన ఓపిగ్గా. “అమ్మాయికి అంతా కొత్త. లెక్కలూ సైన్సూ స్టాండర్డ్ గ్రేడులో వేద్దాం. మంచి ఫలితం వస్తుంది.”

అదే సబ్జెక్టును ఇంకా కష్టమైన స్థాయిలో చెప్పే హయ్యర్ గ్రేడు అని ఇంకొకటుందని ఆయన చెప్పే ఉంటాడు. మా చెవికెక్కలేదు. అక్కడ తరగతినే స్టాండర్డ్ అంటారు. మన ఊళ్లోనేమో స్టాండర్డ్ అంటే మేలైనదని అర్థం. ఇంటికొచ్చి నాన్న, “మంచి స్టాండర్డ్ ఉన్న క్లాసులో వేశారు” అంటే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి జూలూ పిల్ల. రోజూ రెండు షేర్ టాక్సీలు మారి వచ్చేది. వాళ్ల పాత బడిలో లెక్కల టీచరే లేడట, అందుకని తననూ స్టాండర్డ్ గ్రేడులోనే వేశారు. నాకు ఇంగ్లీషులో తను సాయం చేసేది, లెక్కల్లో తనకు నేను. ఆ లెక్కలు నాకు నల్లేరు మీద నడకగా ఉండేవి. చాలావరకు తొమ్మిదో తరగతిలో చేసినవే. ఎందుకింత తేలిగ్గా ఉన్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. నేను బాగా చదువుతున్నాననుకున్నాను.

మెట్రిక్, అంటే అక్కడి పన్నెండో తరగతి, ఫలితాలు పేపర్లో పడ్డాయి. నాకు లెక్కల్లో ఏ, సైన్సులో ఏ. పక్కింటి అవ్వ పరుగున వచ్చింది. ఆవిడ తాతముత్తాతలు ఎప్పుడో ఇండియా నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. ఆవిడ నోట మిగిలిన తెలుగు మాకు సగమే అర్థమయ్యేది. “మా పాపకి ఏ వచ్చె!” అని నా బుగ్గలు పిండింది. నాన్న ఇండియాకు ఫోన్ చేసి, “అన్నయ్యా, అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరుతోంది” అని అరిచి మరీ చెప్పారు.

ఆ మరుసటి వారం డర్బన్‌లో యూనివర్సిటీ కిటికీ ముందు క్యూలో నిలబడ్డాం. అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఉక్కకు నాన్న చొక్కా వీపుకు అంటుకుపోయింది. కిటికీ వెనకున్నావిడ నా సర్టిఫికెట్ చూసి వెనక్కి జరిపింది.

“ఇది స్టాండర్డ్ గ్రేడ్. ఇంజనీరింగ్‌కు హయ్యర్ గ్రేడ్ లెక్కలు కావాలి.”

“మేడమ్, ఏ వచ్చింది” అన్నారు నాన్న.

“స్టాండర్డ్‌లో ఏ సర్. ఆ ఏ వేరు, ఈ ఏ వేరు. నెక్స్ట్.”

నాన్న కదల్లేదు. సంచీలోంచి నా పదో తరగతి కాగితం తీసి అద్దానికి ఆనించారు. “ఇది చూడండి. ఫస్ట్ క్లాస్. మా అమ్మాయి ఫస్ట్ క్లాస్.” వెనక ఎవరో విసుక్కున్నారు. “నాన్నా, పదండి” అని చెయ్యి పట్టి లాగాను. ఎంత తెలిసిన మనిషి, ఎన్ని యంత్రాలు విప్పి బిగించిన మనిషి! ఆ కిటికీ ముందు చిన్నపిల్లాడిలా నిలబడిపోయారు.

ఆ వారమంతా తిరిగాం. టెక్నికాన్‌లో, అంటే అక్కడి పాలిటెక్నిక్‌లో, సీట్లు అయిపోయాయన్నారు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే, “ఆరోజే చెప్పాను సర్” అన్నాడు, నిజంగానే బాధపడుతూ. ఇక ఇండియాలోనే చదివిద్దామని పెదనాన్నకు ఫోన్ చేశాం.

“ఏ అంటే వందకు ఎన్నిరా? ఇక్కడ మార్కులు కావాలి” అన్నారు పెదనాన్న.

ఎన్నో మాకే తెలియదు. ఎనభయ్యా? తొంభై తొమ్మిదా? సర్టిఫికెట్ మీద ఉన్నది ఒక్క అక్షరం. ఇండియాలో మార్కులు లేకపోతే సీటు లేదు. డర్బన్‌లో మార్కులెన్నయినా ఆ గ్రేడుకు సీటు లేదు. నాన్న ఫోన్ పెట్టేసి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. “నేనే అడగాల్సింది. స్టాండర్డ్ అంటే ఏమిటని ఒక్కమాట అడగాల్సింది” అని అదే మాట పదే పదే అన్నారు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

నేను మంచం దిగడం మానేశాను. అన్నం సయించేది కాదు. నా ఈడు పిల్లలంతా సంచీలు సర్దుకుని పోతుంటే కిటికీ తెర వేసేసేదాన్ని. బతుకు ఇక్కడితో ఆగిపోయిందనే నమ్మాను. దూరంగా అమ్మ ఏడుపు వినబడితే నేను పుట్టకపోయినా బాగుండేదనిపించేది.

ఒకరోజు అవ్వ నేరుగా గదిలోకొచ్చి తెర లాగేసింది. “లెయ్యి పాపా. తిండి తినక ఏమి చేస్తువు? ఐకోనా, ఇట్ల పండుకోరాదు.” ఐకోనా అంటే అక్కడ వద్దని. నా మొహం చూసి గొంతు తగ్గించింది. “షేమ్, బిడ్డ ఎండిపోయె. ఎవరో వచ్చి ఉండాది నీకోసం, చూడు.” షేమ్ అంటే అక్కడ అయ్యో పాపమని.

ఆవిడ వెనక నా పక్క బెంచీ అమ్మాయి. తనకు స్టాండర్డ్ గ్రేడులో బీ. టీచరు కావాలని తన కోరిక, లెక్కలు చెప్పే టీచరు. తననూ అదే కిటికీ దగ్గర వెనక్కి పంపారు.

“చర్చి హాల్లో రిటైరైన మాస్టారొకాయన హయ్యర్ గ్రేడ్ చెబుతున్నాడట” అంది. “ఏడాది చివర మళ్లీ రాయొచ్చు. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది.”

వెళ్లాం. మొదటి పరీక్షలో ఇద్దరికీ ఎఫ్ వచ్చింది. నా పేరు పక్కన ఆ అక్షరం అంతకుముందెప్పుడూ చూడలేదు. లెక్కలొచ్చనుకున్నదాన్ని, లెక్కలంటే ఏమిటో అప్పుడే చూస్తున్నట్టుంది. నాన్న మిల్లునుంచి రాగానే కాళ్లైనా కడుక్కోకుండా నా పక్కన కూర్చునేవారు. ఆయన పద్ధతి వేరు, మాస్టారి పద్ధతి వేరు. ఇద్దరం కసురుకుని, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. నా స్నేహితురాలు మాత్రం ఇంటికెళ్లి తమ్ముళ్లకు వండిపెట్టాక గాని పుస్తకం తెరిచేది కాదు. వాళ్లింట్లో పక్కన కూర్చునేవాళ్లు లేరు.

ఏడాది చివర నాకు హయ్యర్ గ్రేడులో డీ వచ్చింది. తనకు ‘ఈ’.

“డీ నా?” అంది అమ్మ, నోటికి కొంగు అడ్డుపెట్టుకుని. ఇండియాకు ఫోన్ చెయ్యలేదు. అవ్వకు కూడా పాసయ్యానని మాత్రమే చెప్పింది.

మళ్లీ అదే కిటికీ. ఈసారి నేనూ, నా స్నేహితురాలూ వెళ్లాం. లోపలున్నావిడ నా కాగితం చూసి, ఇంజనీరింగ్ కుదరదు గాని సైన్సులో ముందొక ఏడాది పునాది కోర్సు చదివిస్తారంది. స్టాంపు వేసింది. ‘ఏ’ తెరవని తలుపును ‘డీ’ తెరిచింది. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

తర్వాత తన కాగితం తీసుకుంది. “పాసయ్యావు. కానీ ఇది చాలదు” అంది.

తను తలూపి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. తిరుగు టాక్సీలో ఇద్దరం కిక్కిరిసి కూర్చున్నాం. “మళ్లీ రాద్దాం, నేను చెబుతాను” అన్నాను.

“నువ్వు వెళ్లు” అంది. “నా సంపాదన కోసం మా అమ్మ ఇంకో ఏడాది ఆగే పరిస్థితి లేదు.”

టోంగాట్‌కు ముందే తను దిగే చోటు వచ్చింది. డ్రైవరుకు కేకేసి, జనం మోకాళ్ల మీదుగా దాటుకుంటూ దిగింది. దూరాన పోర్ట్ షెప్‌స్టోన్ అనే ఊళ్లో పినతల్లి ఉండే ఇంటికి వెళ్లి, అక్కడొక దుకాణంలో పనికి కుదిరిందని తర్వాత విన్నాను. అక్కడైనా ఎవరికైనా లెక్కలు చెబుతోందో లేదో నాకు తెలియదు.