మాస్కు కింద నా బిడ్డ ఊపిరి

మా అత్తకు నేను నచ్చలేదు, నాకు ఆమె అసలే నచ్చలేదు. దాపరికం ఏముంది! కోరుట్లలో ఒక్క గది ఇల్లు. నడుమ తంబాకు చాట ముందేసుకుని పొద్దంతా బీడీలు చుట్టే అత్త, పక్కనే ఉయ్యాలలో నెలల పిల్ల, నా బిడ్డ. మా ఆయన దుబాయ్‌లో. ఫోన్లో "అమ్మ చెప్పినట్టు విను" అనడం తప్ప ఆయన చేసిందేముంది గనక!

బిడ్డకు ఆయాసం. ఊపిరి తీస్తే పక్కటెముకల కింద గుంట పడేది, ఛాతీలో పిల్లి కూతలు.

"నీ పాలల్ల బలం లేదు. నలుగురిని పెంచిన నేను, గీ ఊదు పొగల్నే. ఒక్కనికన్న దగ్గు రాలే," అని బిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తూ వాడకట్టంతా వినేలా అనేది అత్త. నాకు ఒళ్లు మండిపోయేది.

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ, బిడ్డ ఊపిరితిత్తులు ఎట్లా పనిచేస్తున్నాయో కొలవాలంది. చంటిపిల్లలు ఊదమంటే ఊదరు కదా, అందుకే నిద్రలో మూతికి మెత్తటి మాస్కు పెట్టి కొలుస్తారట. "పాలిచ్చి పండవెట్టి తీస్కరా," అని చెప్పింది.

ఆ మాట అత్త చెవిన పడింది. ఇంకేముంది! ఆసుపత్రికి పోయే పొద్దున నేను స్నానం చేసి వచ్చేలోపు బిడ్డకు తలంటి, నిప్పుల మూకుడులో ఊదు, వాము, వెల్లుల్లి పొట్టు వేసి, ఆ పొగ మీద బిడ్డను పట్టుకుని పైన కొంగు కప్పింది.

"ఏం జేస్తున్నవ్ అత్తా!"

"పొగ ఏస్తెనే గదనే మంచిగ పండేది! డాక్టరే పండవెట్టి తెమ్మన్నదంటివి!"

పడుకుంది, నిజమే. బస్సులో కదల్లేదు, మాస్కు పెట్టినా కదల్లేదు. మిషను తెర మీద ఊపిరి గీత మాత్రం లేవలేక లేవలేక ఈడ్చుకుంటూ నడిచింది. డాక్టరమ్మ వంగి బిడ్డ తల వాసన చూసి మాస్కు తీసేసింది.

"పొగ వెట్టిన్రా? గిప్పుడే పొగ పట్టిన పిల్లను కొలిస్తే ఏది రోగమో, ఏది పొగో ఎట్ల తెలుస్తది? పొగ, తంబాకు లేని కాడ కొన్నాళ్లు ఉంచి మళ్ల తీస్కరా. గప్పుడు గూడ గిట్లనే ఉంటే హైదరాబాద్ పంపుతం."

అటు నుంచి అటే సిరిసిల్ల బస్సెక్కాను, మా అమ్మగారింటికి. ఒకప్పుడు ఆ ఇంట్లోనూ మరమగ్గాల దుమ్మే. పనిలేక మగ్గాలు ఆగిపోయి అన్న ముంబై దగ్గరి భివండికి పనికి పోయాడు. అన్న బతుకు చెడితే గాని నా బిడ్డకు గాలి దొరకలేదు. థూ, ఇదేం బతుకు!

మా ఆయన ఫోన్ చేశాడు. "ఇల్లిడిచి పోతవా? అమ్మ పరువు తీస్తవా?"

"మీ అమ్మ పరువు నువ్వే చూస్కో. నాకు నా బిడ్డ పానం గావాలె," అని పెట్టేశాను.

రెండోసారి కొలిచే రోజు అత్త కూడా జగిత్యాల వచ్చింది. తప్పు నా పాలదేనని డాక్టరు నోట వినాలని ఆమె ఆశ. మాస్కు పెట్టారు. ఈసారి గీత తేటగా లేచింది, తేటగా దిగింది. నేను అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను.

"ఊపిరితిత్తులు మంచిగున్నయమ్మా. పొగ, తంబాకు దుమ్ము దగ్గరికి మాత్రం తీస్కపోకు," అంది డాక్టరమ్మ.

అత్త వైపు తిరిగాను. ఇన్నాళ్లు కూడబెట్టిన తిట్లన్నీ నాలుక చివరనే ఉన్నాయి. ఆమె నన్ను చూడనే లేదు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"పెంచింది నలుగురినే గని, కన్నది ఆరుగురినమ్మా. ఇద్దరు గిట్లనే రొప్పి రొప్పి పోయిన్రు. రొప్పినకొద్ది నేను పొగ ఎక్కువేసిన."

నా తిట్లు నేనే మింగేశాను. ఆ క్షణాన ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చిందని అబద్ధం చెప్పను. పుట్టలేదు. బిడ్డ నిద్రలేచి ఏడ్చింది. ఎత్తుకోబోయి అత్త తన కొంగుకు అంటిన తంబాకు పొడి చూసుకుని, చేతులు వెనక్కి తీసుకుంది.