ట్రంకుపెట్టె మీద అమ్మ వేళ్లు

మొన్న బజారులో ట్రంకుపెట్టెకు నల్ల పెయింటు వేస్తావుంటే ఆ వాసనకు నిలబడిపోయినాను. మిలిటరీవాళ్లు మా నాయనను కుటుంబం పోకూడని సరిహద్దుకు మార్చినప్పుడు, అమ్మనూ సామాన్నూ నేనొక్కడినే మా సొంతూరు రాజపాళయం చేర్చినానని ఇంటికొచ్చి మనవళ్లకు చెప్పినాను. అబద్ధం. నాకప్పుడు ఆరేళ్లు. రైల్లో దారంతా నిద్రే.

అంతకుముందు మేముండిన కంటోన్మెంటు చర్చిలో కాలితో తొక్కే ఆర్మోనియం అమ్మే వాయించేది. రాజపాళయం చర్చిలో ఆ పీట ఒక పెద్దాయనది. "వాయించేదానికి నేనుండానే తల్లీ, నువ్వు కూర్చోని పాడు" అన్నాడు. అమ్మ తలాడించింది.

ఆ మధ్యాహ్నం చూస్తే, నాయన పేరు రాసిన ట్రంకుపెట్టె మూత మీద అమ్మ పది వేళ్లూ అటూ ఇటూ పోతావున్నాయి. సద్దు లేదు.

"దుమ్ము పోలేదామ్మా?" అని తడిగుడ్డ తెచ్చిచ్చినాను.

అమ్మ "పెద్దోడివైపోయినావు రా" అని గుడ్డ తీసుకొని మూతంతా తుడిచింది. మళ్లీ నా ముందర అట్ల కూర్చోలేదు.

ఆమె ఆ మూత మీద వాయిస్తావుందని నాకు ముసలితనంలో తెలిసిందని చెప్తుంటాను. అదీ అబద్ధమే. మరుసటి ఆదివారం పెద్దాయన వేళ్లు చూసినప్పుడే తెలిసిపోయింది. ఇంటికొచ్చి "వాయించమ్మా" అనేదానికి మాత్రం నాకు నోరు రాలేదు.