నాలుగు మూలల విభూతి

మహిమల్ని సందేహించేవాళ్లు మొండివాళ్లనీ, దేనికీ జంకరనీ ఒక అభిప్రాయం చలామణీలో ఉంది. సభల్లో మైకు పట్టుకుని గొంతు చించుకునేవాళ్లని చూసి ఏర్పడ్డ అభిప్రాయం అది. నాకు తెలిసినవాళ్లలో నిజంగా సందేహించిన మనిషి వెనక నుంచి ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడే రకం. ఫోటోలకు ఫ్రేములు కట్టడం ఆయన పని. వీధిలో అందరూ చట్రాలాయన అంటారు.

కొట్టు మరీ ఇరుకు. రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు తగులుతాయి. ఎడమ గోడకి గాజు పలకలు నిలువుగా ఆనించి ఉంటాయి. కుడి గోడకి చెక్క బద్దలు, అల్యూమినియం బద్దలు. మధ్యలో బల్ల, దాని మీద ఏటవాలుగా కోసే రంపం. నాలుగు బద్దలు ఏటవాలుగా కోసి కలిపితే మూలలో వెంట్రుక దూరే సందు కూడా ఉండకూడదు. ముప్పై ఏళ్లుగా ఆయన గొప్ప అదొక్కటే. ఎవరైనా మాట్లాడుతుంటే గాజు కోయడు. "కాస్త ఆగండి బాబూ, చెయ్యి వణుకుతుంది" అని బతిమాలుకుంటాడు. అద్దె కోసం వచ్చే ఇంటాయన గొంతు వినబడితే బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగిపోతాడు. భార్య దీన్ని బంధువులందరికీ నటించి చూపిస్తుంది. ఆయన కూడా నవ్వుతాడు.

ఒకరోజు ఒక స్వామివారి సేవాసమితి కార్యదర్శి కొట్టుకి వచ్చాడు. తెల్లటి బట్టలు, మెత్తగా మాట్లాడే మనిషి. స్వామివారి ఫోటోలకు ఫ్రేములు కావాలన్నాడు. అల్యూమినియమే కావాలి, రంగు వద్దు, పూత వద్దు. కట్టిన ఫ్రేముల్ని సమితివాళ్లు పట్టుకెళ్లి, స్వామివారి చేయి తాకించి, భక్తుల ఇళ్లకి పంచుతారు. రెండు రోజుల్లో ఫ్రేము అంచుల మీద తెల్లటి పొడి పొంగుకొచ్చి రాలుతుంది. అదే విభూతి. అదే మహిమ. చట్రాలాయన ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు తన చేతుల వంక చూసుకున్నాడట. కాస్త గర్వం కూడా కలిగిందట.

ఒక ఫ్రేము ఆయన ఇంటికీ చేరింది. తెచ్చినవాడు బావమరిది. సమితిలో కార్యకర్త, నోటికి తాళం లేని మనిషి.

"బావా, నువ్వు కట్టిన ఫ్రేములోంచే దేవుడు రాలుతున్నాడు. నీకేమో బద్ద కోయడం తప్ప దణ్ణం పెట్టడం రాదు!"

భార్యకి అంతకుముందే రక్తపోటు ఉంది, కాళ్లు కాస్త నీరు పట్టేవి. డాక్టరు మాత్రలిచ్చాడు. తమ్ముడి మాట మీద ఆ మాత్రలు మానేసి, రోజూ పొద్దున్నే వేడినీళ్లలో చిటికెడు విభూతి వేసుకు తాగడం మొదలుపెట్టింది. మొదటి వారం ఒళ్లు తేలికపడిందంది. మూడో నెలకి చెప్పులు బిగుసుకుపోయాయి.

అప్పుడు వచ్చింది కెమిస్ట్రీ మేడం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. పాత విద్యార్థుల గ్రూప్ ఫోటోకి ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చి, బల్ల మీద కాగితం పొట్లం చూసింది. మధ్యాహ్నం అన్నానికి ముందు నాలిక మీద వేసుకోమని భార్య ఆ రోజే మొదటిసారి క్యారియరుతో పంపిన పొట్లం అది. చట్రాలాయన మొహమాటంగా, అది సమితి ఫ్రేము మీంచి రాలిన విభూతి అని మాత్రం చెప్పాడు.

మేడం పొడిని వేలితో ముట్టలేదు. పెన్సిల్ మొనతో కదిపి చూసింది.

"చెక్క ఫ్రేములకి కూడా రాలుతుందా?"

"వాళ్లు చెక్క అడగరండి."

"రంగు వేసిన అల్యూమినియానికి?"

"రంగూ అడగరండి."

"మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"అనుమానమొస్తే పని పోతుంది కదండీ."

మేడం నవ్వలేదు. పాదరసం కలిసిన ఒక మందు ఉంటుందనీ, దాన్ని తడిగుడ్డతో అల్యూమినియం మీద రాస్తే లోహమే పొడిగా పొంగుతుందనీ, తన క్లాసు పిల్లలకి ఏటా చేసి చూపించేదాన్ననీ చెప్పింది. "ఈ పొడి అదేనని పరీక్ష చేయకుండా నేను ప్రమాణం చేయను. అదే అయితే మాత్రం విషం. తిన్నవాళ్ల కిడ్నీలు పోతాయి. మీ ఇంట్లో ఎవరూ తినడం లేదు కదా?"

చట్రాలాయన లేదన్నాడు. అన్నాక స్టూలు మీద కూలబడ్డాడు. ఆ రోజు మరి గాజు కోయలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి భార్య పాదాల వంక చూశాడు. చెప్పు పట్టీ ఒత్తుకున్న చోట గాడి పడి ఉంది. ఆమె కూర్చుని బట్టలు మడతపెడుతుంటే, ఏదో దుమ్ము దులుపుతున్నట్టు వంగి, మడమ పైన బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. గుంట అలాగే ఉండిపోయింది.

"ఏమండీ, కాళ్లు పడుతున్నారేమిటి? ఏం తప్పు చేసొచ్చారు?"

"ఆ పొడి మానెయ్యవే."

"ఎందుకు?"

నిజం చెబితే తమ్ముడితో చెబుతుంది. తమ్ముడు సమితిలో చెబుతాడు. ఆపైన ఏం జరుగుతుందో ఊహించడానికి కూడా ఆయనకి ధైర్యం చాలలేదు. "గాజుపొడి కలిసి ఉంటుందేమోనని" అన్నాడు.

"మీ చొక్కాల్లో గాజుపొడి ముప్పై ఏళ్లుగా ఉతుకుతున్నా. నన్నేం చేసింది?"

చదువుకున్నవాళ్లం ఇక్కడ తేలిగ్గా ఒక మాట అనేస్తాం: గట్టిగా చెప్పొచ్చుగా? పొట్లం లాక్కుని పారేయొచ్చుగా? ఆయనకి ఒక భయం కాదు, రెండు. అది విషమైతే భార్య పోతుంది. ఒకవేళ మేడం మాట తప్పై, అది నిజంగా మహిమే అయితే, దాన్ని ఆపినందుకు కూడా భార్యే పోతుంది. ఈ రెండో భయాన్ని వెక్కిరించే హక్కు, సొంత మనిషి కాలి మీద గుంట చూడనివాళ్లకి లేదు.

అంతలో ఇంట్లో ఫ్రేము రాలడం తగ్గింది. కొత్తది తెస్తానని బావమరిది అక్కకి మాటిచ్చాడు. సమితి నుంచి నలభై ఫ్రేముల కొత్త ఆర్డరు వచ్చింది. అందులోదే ఒకటి తన ఇంటికొస్తుంది. ఏది వస్తుందో తెలియదు. చట్రాలాయన మిట్టమధ్యాహ్నం షట్టరు దించి, నలభై ఫ్రేములకి సరిపడా బద్దలన్నిటికీ రంగులేని వార్నిష్ పూశాడు. మేడం మాటే నిజమైతే, పూత ఉంటే తడిగుడ్డ లోహానికి తగలదు, పొడి రాలదు. బల్ల మీద స్వామివారి ఫోటోల కట్ట ఉంది. దాన్ని బోర్లించి పెట్టి, అయినా వినబడుతుందేమోనని, "తప్పైతే నన్నే చూసుకో స్వామీ, ఇంట్లో దాని జోలికి వెళ్లకు" అని గొణిగాడు.

ఆరాక బద్దలు కోశాడు. ఫ్రేములు కట్టాడు. అప్పగించాడు.

నాలుగో రోజు బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"బావా! మహిమ పెరిగింది! అంచుల మీద ఒక్క రవ్వ లేదు. సరిగ్గా నాలుగు మూలల్లోంచే కారుతోంది! నలభై ఇళ్లలోనూ! నాలుగు దిక్కులూ కాపాడతానని స్వామివారి సూచన!"

చట్రాలాయన మెల్లిగా రంపం వైపు చూశాడు. బద్దలకి ముందు పూత వేసి తర్వాత కోశాడు. పనివాడి అలవాటు అది. పొడుగు బద్ద మీద పూత సాపుగా వస్తుంది. కోసిన ముఖాలకి మాత్రం పూత లేదు. మూల కలిసేచోట, వెంట్రుక దూరదని తను గొప్పలు పోయే ఆ సందులోకి, తడిగుడ్డ నీళ్లు దూరాయి. అంటే అది మహిమ కాదు. మేడం చెప్పింది చెప్పినట్టు నిజం. ఆ క్షణంలో రెండో భయం పోయింది. మొదటిది రెట్టింపై కూర్చుంది, ఎందుకంటే ఇంటికెళ్లేసరికి భార్య దబ్బనంతో మూలలు గీకుతోంది.

"ఇది అంచు విభూతి కంటే పవరున్నదట" అంది. ఆమె మొహం కూడా ఉబ్బి ఉంది.

మర్నాడు కార్యదర్శి ఒక్కడే వచ్చాడు. షట్టరు సగం దించి, గొంతు తగ్గించి అడిగాడు.

"బద్దలకి ఏం పూశావయ్యా?"

స్వామివారి చేయి తాకితే రాలే విభూతికి, బద్దకి ఏం పూస్తే ఏమిటి? ఆ ప్రశ్న చట్రాలాయన నోట్లో దాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం "ఏం పూయలేదండి".

"మంచిది. ఆ కెమిస్ట్రీ ఆవిడ మన మీద పత్రికకి ఉత్తరం రాసింది. ఆదివారం హాల్లో చర్చ పెట్టాం. నువ్వొచ్చి, ఉత్త లోహమే, ఎవరూ ఏమీ పూయలేదు, నా చేత్తో కట్టాను అని చెప్పు. రెండు ముక్కలు." అంటూ గోడకి ఆనించిన గాజు పలకల మీద అరచేయి పెట్టి, పసిపిల్లాడి ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపాడు. పలకలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. "గాజు పని. జాగ్రత్తగా ఉండాలి."

ఆదివారం హాలు నిండింది. ముందు వరసలో భార్య కూర్చుంది. పాదాలు చెప్పుల్లో పట్టక చెప్పులు పక్కన పెట్టుకుంది. మేడం మైకు తీసుకుని ఒకటే అడిగింది.

"స్వామివారికి అల్యూమినియం మీద అంత ప్రేమేమిటి? చెక్క ఏం పాపం చేసింది?"

హాలు నవ్వింది. బావమరిది లేచాడు. "మీ కాలేజీ గ్రూప్ ఫోటోకి రాలడం లేదని కుళ్లా మేడం?" హాలు ఇంకా గట్టిగా నవ్వింది. ఇలాంటి చర్చల్లో గెలుపు అలాగే తేలుతుంది, నవ్వు ఎటు ఎక్కువైతే అటు.

కార్యదర్శి చట్రాలాయనని పిలిచాడు. ఆయన చంకలో ఒక గుడ్డమూట పెట్టుకుని మెట్లెక్కాడు. మైకు ముందు నిలబడ్డాడు. భార్య పాదాల వంక చూశాడు. తరవాత పని పాడుచేసిన మేస్త్రి యజమానితో చెప్పుకున్నట్టు మొదలుపెట్టాడు.

"నాదో తప్పుందండి. ఈసారి బద్దలకి వార్నిష్ పూశాను. కోయకముందు పూశాను. కోశాక ఆ ముఖాలకి పూయడం మరిచిపోయాను. అందుకే మూలల్లోంచి వచ్చింది. మరిచిపోకపోతే అక్కడా వచ్చేది కాదు."

హాల్లో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మేడానికి అర్థమైంది. ఆవిడ నోరు మూసుకుని కూర్చుంది. ఆవిడ జీవితంలో బహుశా అదే కష్టమైన పని.

చట్రాలాయన మూట విప్పి ఒక ఫ్రేము తీశాడు. "దీనికి కోశాక పూశాను. మూలలతో సహా. ఇదే స్వామివారికి తాకించండి. రాలితే నేనూ తింటాను."

"మహిమకి పరీక్షలా!" కార్యదర్శి గొంతు మొదటిసారి పెరిగింది.

అప్పుడు ముందు వరసలో భార్య లేచింది, కుర్చీ పట్టుకుని. "ఒరే తమ్ముడూ, నువ్వే పట్టుకెళ్లి తాకించు. వారం రోజులు పొడి మానేసి చూస్తాను. ఏం పోయింది?"

బావమరిది చేయి చాపాడు. కార్యదర్శి అడ్డం వచ్చి ఆ చేయి పక్కకి కొట్టాడు.

"అదేమిటయ్యా?" అంది ఆమె. "ఇన్నాళ్లూ ఆయన కట్టినవే తాకించారుగా? ఇవాళ మా ఆయన చేతికి కుష్టు పట్టిందా?"

అరుపులు వచ్చాయి. కుర్చీలు కదిలాయి. హాలంతా ఒక్కసారిగా కళ్లు తెరిచిందని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. సగం మంది చట్రాలాయనని తిట్టుకుంటూ వెళ్లారు. సోమవారం పొద్దున కొట్లో గాజు పలకలన్నీ పగిలి నేల మీద ఉన్నాయి. సమితివాళ్ల ఫ్రేములు ఇప్పుడు ఇంకెక్కడో కడుతున్నారు, విభూతి రాలుతూనే ఉంది.

ఆయన ఆ గాజు ఊడ్చలేదు. భార్యని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మేడం రాసిచ్చిన చీటీ చూసి, డాక్టరు ఇంకో రెండు పరీక్షలు చేర్చాడు. వసారాలో బెంచీ మీద బావమరిది పక్కనే కూర్చున్నాడు, ఫైలు ఒళ్లో పెట్టుకుని. మధ్యాహ్నం దాకా ఆ ఫైలు తాడు ముడివేస్తూ, విప్పుతూ ఉన్నాడు.

"బావా, అక్క చేతికి నేనే తెచ్చిచ్చాను కదా" అన్నాడు చివరికి.

"ఫ్రేము కట్టింది నేను కదరా" అన్నాడు చట్రాలాయన.

ఒంట్లో పాదరసం ఉందని రిపోర్టు వచ్చింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, పూర్తిగా పోలేదు, ఎంతవరకు తేరుకుంటాయో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నాడు. మాత్రలు, నెలనెలా పరీక్ష. మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంకా ఆ "ఇప్పుడే చెప్పలేం" దగ్గరే ఉన్నారు. కొట్లో కొత్త గాజు పలకలు వచ్చాయి. వీధిలో ఎవరైనా తెల్లబట్టల్లో నడిచొస్తే ఆయన ఇప్పటికీ బల్ల కిందికి వంగుతాడు.

పొద్దున్నే భార్య మంచం అంచున కూర్చుంటే, ఆమె మడమ పైన బొటనవేలితో నొక్కి, వేలు తీసి, గుంట నిండేదాకా లోపల్లోపల అంకెలు లెక్కపెడతాడు.

"ఎంత?" అంటుంది ఆమె.

"నిన్నటి కంటే తొందరగానే నిండిందే."

"విషాన్ని గాజుపొడి అని చెప్పింది కూడా మీరే" అంటుంది. కాలు మళ్లీ ఆయన ముందుకు చాపి, "నొక్కండి. ఈసారి పైకి లెక్కపెట్టండి" అంటుంది.