కాలిలో నింపిన ఇసుక

మా బాపు మోకాలి కింది ఎముకలోంచి గడ్డను గీకి తీశాక లోపల నిమ్మకాయంత గుల్ల మిగిలింది. కరీంనగర్‌లో డాక్టర్ అందులో తెల్లటి పింగాణీ గుళికలు నింపాడు. అవి మెల్లగా కరుగుతుంటే ఆ జాగాలో సొంత ఎముక పెరుగుతుందన్నాడు.

నస్పూర్‌లో మా క్వార్టర్‌కు వచ్చాక బాపుకు అదంతా విడమరచి చెప్పే పని నాది. ఇంటర్‌తోనే చదువు ఆగినా, లైబ్రరీలో కూర్చుని ఎముకల మీద రెండు పుస్తకాలు నోట్సు రాసుకుంటూ చదివాను. ఆ గర్వం ఉంది. బొగ్గుబాయిలో, గని లోపల ముప్పై ఏళ్లు పని చేసిన మనిషికి తేలికగా తెలియాలని, "బొగ్గు తీసిన జాగల కప్పు కూలకుండ గోదారి ఇసుక నింపుతరు గద బాపూ, గట్లనే" అన్నాను.

తప్పు చేశాను.

మూడు నెలలకు తీసిన ఎక్స్‌రేలో సగం గుళికలు కనబడలేదు. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది, ఇక కాలు మోపమన్నాడు డాక్టర్. బాపు మాత్రం ఇంటికొచ్చి ఫిల్మును కిటికీకి పెట్టి చూసి మంచమెక్కాడు.

"ఇసుక జారింది బిడ్డా. కప్పు కూలుతది."

"గది ఇసుక గాదే బాపూ, కరిగేదే."

"కరిగేదాన్ని నింపుడెందుకు? బాయిల గిట్ల జేస్తె పదిమంది సచ్చేటోళ్లు."

"నీ లైబ్రరీ డాక్టరమ్మ జెప్తుంది గద, ఇనరాదూ!" వంటింట్లోంచి మా అవ్వ, అంటే అమ్మ.

వారం గడిచింది. పిక్క సన్నబడిపోతోంది. ఎముక రాకముందే గుళికలు కరిగిపోతే గుల్ల గుల్లగానే ఉంటుందని కూడా పుస్తకంలో చదివాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిదో రోజు పొద్దున, ఆపరేషన్ అయినప్పటిదీ ఇప్పటిదీ, రెండు ఫిల్ములూ కిటికీకి పక్కపక్కన అంటించాను.

"గుల్లయితే నల్లగుండాలె, ఎముక వస్తుంటె తెల్లబడాలె. గుళికలు పోయిన జాగ జూడు."

"నలుపు గురించి నాకు జెప్తవా?" అన్నాడు గానీ లేచి కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. అక్కడ నలుపు లేదు, పొగలాంటి బూడిద రంగు ఉంది.

"బాయిల కప్పు గట్టిదో బోలుదో ఎట్ల తెలుస్తది?" అడిగాను.

"కట్టెతోని కొట్టి సప్పుడు ఇంటం."

"మరి ఇను."

వాకర్ పట్టుకుని నిలబడ్డాడు. "సప్పుడు జెయ్యకుండ్రి" అన్నాడు. అవ్వ మిక్సీ ఆపింది. పాదం నేలకు ఆనించి, తల ఒక పక్కకు వంచి, బరువు కొద్దికొద్దిగా వదిలాడు. నా చేతులు ఆయన చంకల కిందే ఉన్నాయి.

ఏ చప్పుడూ రాలేదు.

"ఇంకా కూలలే" అన్నాడు బాపు. వాకర్ జర ముందుకు జరిపాడు.