అత్తయ్యగారి ఆయ్

మా అత్తయ్యగారికి ఎవరేం చెప్పినా “ఆయ్” అని తలూపడమే తెలుసు. మావయ్యగారి మాటకైతే అది పూర్తవకుండానే అనేసేవారు.

ఆ రోజు కొత్తల్లుడు మొదటిసారి భోజనానికొస్తున్నాడు. మావయ్యగారు ఫ్రీజరులోంచి రొయ్యల ప్యాకెట్టు తీసి, “ఇగురు పెట్టెయ్” అన్నారు.

ఆవిడ ప్యాకెట్టు చెవి దగ్గర ఊపేరు. గలగలమనలేదు. విడివిడిగా ఉండాల్సిన రొయ్యలన్నీ ఒకటే ముద్ద!

“మొన్న తుఫానుకి కరెంటు పోయినప్పుడు కరిగిపోయి, మళ్ళీ గడ్డకట్టేసాయండి. వద్దండి.”

ఆవిడ నోట వద్దన్న మాట!

“వాసనేం రావట్లేదు కదే!” మావయ్యగారు గొంతు పెంచేరు.

ఆవిడ పెరట్లోకెళ్ళి, ఆ ప్యాకెట్టు చింపి, రొయ్యల్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతేసి, చేతులు కడుక్కొచ్చేరు. “కోడిగుడ్ల పులుసు పెడతానండి” అన్నారు.

అందరం మావయ్యగారికేసి చూసేం.

“ఆయ్” అన్నారాయన.