అత్తగారు గడప దాటిన ఫొటో

మా ఆవిడ పుట్టిల్లు హైదరాబాదు మాదన్నపేటలో, నాలా ఒడ్డున. నాలా అంటే పోయి మూసీలో కలిసే కాలువ. ఒడ్డు వెంబడి పెద్ద రోడ్డు వేస్తారని, ఇళ్లు తీసేస్తారని బామ్మర్ది మల్లయ్య ఉత్తరం రాశాడు. మా ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి, బండి ఎక్కలేదు. "ఇల్లు పోకముందే మా అమ్మను ఆ గడపల నిలవెట్టి ఒక్క ఫొటో తీస్కరా. ఇంకేం అడగ నిన్ను," అంది. ఆమె ఏదైనా అడగడమే తక్కువ. సరే అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, అత్తగారు నా ముందుకు రాదని. మాలో అత్త అల్లుడికి ఎదురుపడదు. పెళ్లయి నలభై ఏళ్లు. ఆమె గొంతు తెలుసు. ముఖం తెలియదు.

మా ఊరి బడి పంతులు దగ్గర బాక్సు కెమెరా ఉంది. అడగడానికి మూడు రోజులు ఆయన ఇంటి ముందు తిరిగాను. నాలుగో రోజు ఆయనే పిలిచి ఇచ్చాడు. దాన్ని పొట్టకు ఆనించుకుని, తల వంచి, పైనున్న చిన్న అద్దంలో చూస్తూ మీట నొక్కాలి. ఎదుటివారి కళ్లలోకి చూడక్కర్లేదు. నాలాంటి వాడి కోసమే చేసినట్టుంది. రీలుకు ఎనిమిది ఫొటోలు వస్తాయి.

తెల్లవారుజామున ఎడ్లబండిలో షాద్‌నగర్ స్టేషనుకు చేరి, రైలెక్కి పది గంటలకల్లా కాచిగూడలో దిగాను. టాంగావాడు మాదన్నపేటకు ఆరణాలు అడిగాడు. నాకు బేరం చేయడం రాదు. ఊరకే నిలబడ్డాను. "చల్ బాపూ, నాలుగే ఇయ్యి," అన్నాడు. మీరూ ఊరకే నిలబడి చూడండి. చాదర్‌ఘాట్ వంతెన మీద అడిగాడు, "ఏం చూడనీకొచ్చినవ్ బాపూ, చార్మినారా?" నాలా అన్నాను. వెనక్కి తిరిగి నన్నూ కెమెరానూ చూశాడు. "మంచిదే. ఫొటోల నాలా వాసన రాదు గద," అన్నాడు.

నాలా అవతలి ఒడ్డున పని అప్పటికే మొదలైంది. ఒక ఇంటిని సగం తీసేశారు. వంటగది గోడ, మసిబారిన దీపపు గూడు బజారుకు కనిపిస్తున్నాయి. పక్కనే కొత్త కరెంటు స్తంభం. మొదటి ఫొటో దాన్నే తీశాను. అది నన్ను పలకరించదు కదా.

ఇవతలి ఒడ్డున అత్తవారిల్లు చూసి ఆగిపోయాను. తళతళమని కొత్త సున్నం, ఇంకా తడిగానే ఉంది. వాకిట్లో ఉండాల్సిన బర్రెలు లేవు. ఫొటోలో పడితే పరువు తక్కువని కాలువలోకి తోలేశారట.

"కూలగొట్టే ఇంటికి సున్నమేంది మల్లయ్యా?" అన్నాను.

"కూలగొట్టేటోళ్లు చూస్తే ఏమనుకుంటరు బావా!" అన్నాడు.

నేను కూర్చున్నానో లేదో తలుపు చాటునుంచి అత్తగారి గొంతు వచ్చింది. "అరేయ్, బిడ్డ మోకాళ్లు ఎట్లున్నయో అల్లున్నడుగు."

"నయమేనని చెప్పు," అని మల్లయ్యతో అన్నాను.

"ఇద్దరికీ ఇనబడుతనే ఉన్నది గద! నడుమ నేనేంది, తపాలోన్నా?" అన్నాడు.

కెమెరా వచ్చిన సంగతి వాడంతా తెలిసింది. మల్లయ్య అరువు తెచ్చిన కుర్చీలో, అరువు తెచ్చిన తలపాగాతో కూర్చున్నాడు. ఒకటి. పక్కింటి పహిల్వాన్ చొక్కా విప్పి వచ్చాడు. ఎదురింటి అన్నదమ్ములకు మాటల్లేవు, వేరువేరుగా తీయమన్నారు. ఒకావిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఒకటి తీశాక, ఇంకో చీరలో బాగుంటుందని మార్చుకుని మళ్లీ వచ్చింది. వద్దు అనే మాట నా నోట రాదు. ఇక ఒక్క ఫొటో మిగిలింది.

అప్పుడు మల్లయ్యను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాను. అతడు తలుపు దగ్గరకు పోయాడు. "అమ్మా, ఒక్కసారి గడపల నిలబడు. అక్క అడిగిందట. బావ కిందికే చూస్తడు, నిన్ను చూడడు."

"కిందికి చూస్తే ఫొటో ఎట్లొస్తదిరా, నేనేమన్న పిచ్చిదాన్నా? అల్లుని ముందర నిలబడితే నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురు ఇండ్లు ఖాళీ చేసి చాంద్రాయణగుట్ట దిక్కు పోతనే ఉన్నరు గదనే!"

"పోంగ పోంగ అనిపోతరు," అంది అత్తగారు.

మూడు దాటింది. పడమటి ఎండ సరిగ్గా గోడ మీద పడుతోంది. నాకు రైలు వేళవుతోంది. ఉత్త చేతులతో పోయి మా ఆవిడకు ఏం చెప్పాలో తోచక, కెమెరా పొట్టకు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. అప్పుడే బర్రెలు ఎవరూ తోలకుండానే కాలువలోంచి గట్టెక్కి ఇంటికి వచ్చేశాయి. ముందున్నదానికి నడుముదాకా బురద. ఆ కొత్త సున్నానికి ఆనుకుని హాయిగా ఒళ్లు రుద్దుకోసాగింది.

"ఓసి నీ పాడెగట్ట! పొద్దుగాలనే కొట్టిన సున్నమే!"

చీపురెత్తి అత్తగారు గడప దాటి దూకింది. కొంగు జారింది, చెయ్యి లేచింది, నోరు తెరిచే ఉంది. అద్దంలో తపాలా బిళ్లంత ముఖం. అచ్చం మా ఆవిడ ముఖమే, కోపంతో సహా. మీట నొక్కాను.

చప్పుడుకు ఆమె తిరిగింది. నేను తల ఎత్తలేదు. ఆమె లోపలికి పోలేదు.

"తీసినవా?" అంది. నన్నే.

"తీసిన అత్తమ్మా."

"బర్రె గూడ పడ్డదా?"

"పడ్డది."

"అయితే బిడ్డ గుర్తువడుతది," అని కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

రీలును అఫ్జల్‌గంజ్‌లోని ఫొటో దుకాణంలో ఇచ్చాను. కడిగి తపాలాలో పంపడానికి వారం పట్టింది. అత్తగారి చీపురు కదిలి, పొగలా పడింది. మా ఆవిడ చాలాసేపు చూసి, "తిట్లు సుత ఇనబడుతున్నయి," అంది. కళ్లు తుడుచుకుంది.

వానలకు ముందే ఆ ఇల్లు తీసేశారు. వాళ్లిప్పుడు చాంద్రాయణగుట్ట దగ్గర ఒంటిగది ఇంట్లో ఉంటున్నారు. మొన్న పోయాను. ఆ ఇంట్లో చాటు లేదు. అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుని నాతోనే మాట్లాడింది, ఆపకుండా, రెండు గంటలు. నలభై ఏళ్ల మాటలు. బస్తీ మారడం మంచిదో కాదో చెప్పేంత చదువు నాకు లేదు. నేను మాత్రం ఊఁ కొడుతూ కూర్చున్నాను, బాగానే అనిపించింది.

ఒక్క సలహా. కెమెరాతో అత్తవారింటికి పోయేవారు రెండు రీళ్లు పట్టుకుపోండి. మొదటిది చుట్టాలకు పోతుంది.